చెవి అచ్చుకు పెట్టే ఖర్చు దండగా?

ఆ మధ్య చింతూరు వైపు నుంచి ఒక తల్లి తన కొడుకును మా ఓ.పి.కి తీసుకొచ్చింది. బాబుకు పుట్టుకతోనే వినికిడి తక్కువ. శిబిరంలో ఇచ్చిన చెవి మిషన్‌ను బిస్కెట్ డబ్బాలో పెట్టి తెచ్చింది. "సిస్టరమ్మా, ఇది పెడితే ఈల కొడుతోంది. బడిలో పిల్లలు నవ్వుతున్నారని వీడు పెట్టుకోనంటున్నాడు" అంది.

అంతకు ముందు ఒకసారి వచ్చినప్పుడు మేము బ్యాటరీ మార్చి పంపించాం. తప్పు మాదే. మిషన్ బాగానే ఉంది. దాని కొసకు తగిలించిన రెడీమేడ్ రబ్బరు బుడిపె ఆ చిన్న చెవికి సరిపోలేదు. మేము అది చూడకపోవడం వల్ల ఆ బిడ్డ కొన్ని నెలలు మాట వినకుండానే బడికి వెళ్లాడు.

అదే వారం మన కొయిర్ యువకులు కూడా వచ్చారు. డ్రమ్స్, కీబోర్డు మధ్య తమ గొంతు తమకు వినబడడానికి చెవిలో పెట్టుకునే మానిటర్లు కొనాలనుకుంటున్నారు. "కొలత ఇచ్చి చేయించినవే మంచివంటున్నారు. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఏం చేయమంటారు?" అని అడిగారు. ఈ రెండు సమస్యలకూ మూలం ఒకటే. కనుక కలిపి చెప్పుకుందాం.

ఈల ఎందుకు వస్తుంది?

చెవి రంధ్రం ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదు. ఒకే మనిషికి కుడి చెవి, ఎడమ చెవి కూడా తేడాగా ఉంటాయి. బుడిపె వదులుగా ఉంటే మిషన్ పెంచిన శబ్దం పక్కల నుంచి బయటికి వచ్చి, మళ్లీ మిషన్ మైకులోనే పడుతుంది. గుడిలో మైకును బాక్సు ఎదురుగా పెడితే "కూ" అని అరవడం మనం చూస్తుంటాం. ఇదీ అలాంటిదే. పైగా సందు ఉంటే ముందు మందర శబ్దాలు పోతాయి. వినబడడం లేదని మనిషి సౌండు పెంచుతాడు. ఈల ఇంకా ఎక్కువవుతుంది.

అచ్చు ఎలా తీస్తారు?

ముందుగా లైటు వేసి చెవి లోపల చూస్తారు. గులిమి ఉంటే తీసేస్తారు. దారం కట్టిన చిన్న దూది ముక్కను లోపల అడ్డుగా పెట్టి, మెత్తని ముద్దను చెవిలో నింపుతారు. కొద్ది నిమిషాల్లో అది గట్టిపడుతుంది. నొప్పి ఉండదు. ఆ నమూనాను బట్టి గట్టి ప్లాస్టిక్‌తోగాని, మెత్తని సిలికాన్‌తోగాని అచ్చు చేస్తారు. దీన్నే ఇయర్ మోల్డ్ అంటారు. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారికి ఆ ముద్ద లోపలికి పోయే ప్రమాదం ఉంది. కాబట్టి శిక్షణ పొందినవారి చేతనే తీయించుకోవాలి. చెవి కారుతుంటే ముందు వైద్యం, తర్వాతే అచ్చు.

ఎవరికి అవసరం?

1. వినికిడి బాగా తగ్గినవారికి, చెవి వెనుక మిషన్ పెట్టుకునే పసిపిల్లలకు అచ్చు తప్పనిసరి. ఈ ఖర్చు దండగ కాదు. అచ్చు లేకపోతే మిషన్ ఖర్చే దండగవుతుంది.

2. వయసు మీద పడి కొద్దిగా వినికిడి తగ్గిన పెద్దలకు తరచుగా రెడీమేడ్ మెత్తని బుడిపె చాలు. సరైన సైజు చూసుకోవాలి.

3. పిల్లల చెవి పెరుగుతుంది. పసివారికి కొన్ని నెలలకే కొత్త అచ్చు కావాలి. బాగా పనిచేసే మిషన్ మళ్లీ ఈల కొడుతుంటే అచ్చు చిన్నదైందేమో అనుకోండి.

పాడేవారి మాట

కొయిర్ యువకులకు మేము వేరే సలహా ఇచ్చాం. రెడీమేడ్ మానిటర్‌తో రెండు మూడు సైజుల బుడిపెలు ఇస్తారు. స్పాంజి బుడిపె అయితే వేళ్లతో నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. సరిగా కూర్చుంటే బయటి మోత తగ్గుతుంది, బేస్ నిండుగా వినిపిస్తుంది. అలా వినిపిస్తే పెద్ద ఖర్చు అవసరం లేదు. అన్ని సైజులూ ప్రయత్నించినా, నోరు తెరిచి పాడేటప్పుడు జారిపోతున్నా, చెవి నొప్పి పెడుతున్నా అప్పుడు కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. పాడేవారికి ఆ కొలత నోరు తెరిపించి తీయాలి. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం మారుతుంది. ఒకరి కొలతతో చేసినది ఇంకొకరికి పనికిరాదని కూడా గుర్తుంచుకోండి.

ఏది కొన్నా సౌండు తగ్గించకపోతే చెవికి రక్షణ లేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదు. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక్క గంటే. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే మన సోదరులకూ ఇదే లెక్క. వారికి స్పాంజి ఇయర్ ప్లగ్ సరిగా పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. సగం లోపల, సగం బయట పెట్టుకుంటే ఉపయోగం లేదు.

జాగ్రత్తలు

అచ్చును మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బు నీటితో కడగండి. స్పిరిట్ వాడవద్దు. గొట్టంలో నీటిబొట్టు నిలిస్తే శబ్దం ఆగిపోతుంది. కనుక పూర్తిగా ఆరాకే తగిలించండి. మిషన్‌ను మాత్రం ఎప్పుడూ తడపవద్దు. వానాకాలంలో రాత్రిపూట సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో ఉంచండి.

సహాయం

కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం 1981 నుంచి ఉంది. 40 శాతం వైకల్య సర్టిఫికెట్, ఆదాయ పరిమితి చూసి చెవి మిషన్లు ఇస్తారు. శిబిరానికి వెళ్లినప్పుడు "చెవికి అచ్చు కూడా తీస్తారా?" అని తప్పక అడగండి. సర్టిఫికెట్‌కు మీరు నివసించే జిల్లాలో దరఖాస్తు పెట్టుకోండి. 2014లో విడిపోయిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలవారికి అది ఆంధ్రప్రదేశ్ వైపు ఉంటుంది.

ఆ బాబుకు అచ్చు తీయించాం. కొత్తది పెట్టిన రోజు వాళ్లమ్మ వెనక నుంచి మెల్లగా పిలిచింది. వాడు తిరిగి చూశాడు. ఈల రాలేదు.

మీ ఇంట్లో కూడా డబ్బాలో పడి ఉన్న మిషన్ ఉంటే పారేయకండి. దాన్నీ, పెట్టుకోవలసిన మనిషినీ కలిపి తీసుకురండి. ఈసారి మేము బ్యాటరీ కంటే ముందు చెవి చూస్తాం.