నర్మెట్ట ప్రాంతపు చలక నేలలు: లోతును బట్టి తరగతి నిర్ణయించు విధము

నర్మెట్ట ప్రాంతమున మెట్ట సేద్యము చేయు రైతునకు తన నేల పేరు తెలియకుండుట అరుదు. ఇది చలక, ఇది దుబ్బ, ఇది రేగడి యని గట్టుమీద నిలిచియే చెప్పగలడు. అయినను ఒకే గట్టునకు ఇరువైపుల నున్న రెండు చలకలలో ఒకే దినమున ఒకే విత్తనము వేసినను, పదునైదు దినములు వాన వెనుదీసినంతనే ఒకదానిలో పైరు మాడిపోవుటయు, రెండవదానిలో పచ్చగా నిలుచుటయు కలదు. పేరు ఒకటియే, ఫలము వేరు. దీనికి ముఖ్యకారణము పైకి కనబడు రంగులో లేదు. క్రింద నున్న లోతులో నున్నది. కావున నేల తరగతిని నిర్ణయించు విధమును, దానిని బట్టి పైరు నేర్పరచుకొను విధమును ఈ పత్రమున వివరింపబడుచున్నవి.

1. ప్రదేశము, వానలు

నర్మెట్ట పూర్వము హైదరాబాదు సంస్థానములో నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పరిధిలో నుండెను. జనగామ తాలూకా 1953లో వరంగల్లు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరులో జనగామ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. ఏ జిల్లాలో చేరినను నేలయు వానయు మారలేదు.

తెలంగాణమున సాలీనా వాన సగటున సుమారు 900 మిల్లీమీటర్లు. జనగామ వైపున అంతకు కొంత తక్కువ. ఇందులో ఐదింట నాలుగు పాళ్లు మృగశిర కార్తె మొదలు హస్త కార్తె వరకు, అనగా జూను మొదటి పక్షము నుండి అక్టోబరు మొదటి పక్షము వరకు నైరృతి ఋతుపవనమువలననే కురియును. ఎండకును గాలికిని నేలనుండియు పైరునుండియు ఆవిరియై పోగల నీరు ఏడాదికి వాననీటికి సుమారు రెట్టింపు. ఇట్టి దేశమును అర్ధశుష్క మండలమందురు. ఇచ్చట వాన మొత్తము తక్కువయనుటకంటె, వానకును వానకును మధ్య ఎడము ఎక్కువయనుట సమంజసము. ఆ ఎడములో పైరును బ్రదికించునది నేల దాచుకొనిన నీరే.

2. చలక నేల పుట్టుక

ఈ ప్రాంతపు అడుగున నున్నది మిక్కిలి పురాతనమైన నల్లరాతి, పట్టెలరాతి జాతి. అది ఎండకును వానకును చివికి మొరముగాను, మొరము మన్నుగాను మారినది. రాతిలోని పలుగు చివుకదు గనుక ఇసుకయై మిగిలినది. తక్కిన పదార్థము బంకమన్నుగా మారినది. ఇనుము గాలిసోకి త్రుప్పుపట్టుటచే ఎర్రని రంగు కలిగినది.

వాననీరు దిగునపుడు సన్నని బంకరేణువులు పైపొరనుండి క్రిందికి కొట్టుకొనిపోయి అడుగు, అడుగున్నర లోతున నిలుచును. అందుచేతనే బాగుగా ఏర్పడిన చలకలో పైపొర ఇసుకపాలుగాను, క్రిందిపొర బంకగాను ఉండును. గట్టువాలున నున్న పొలములలో మన్ను కొట్టుకొనిపోవుటచే ఆ బంకపొర పలుచబడియో, పూర్తిగా పోయియో మొరము పైకి వచ్చును. వాలు దిగినకొలది మన్ను లోతెక్కును. పల్లములలో నల్లమన్ను చేరును. నీరు ఇంకక నిలుచుచోట్ల ఉప్పు పైకెగసి చౌడు ఏర్పడును.

3. పూర్వపు వర్గీకరణము

నేలను త్రవ్వి చూచి తరగతి కట్టుట క్రొత్త సంగతి కాదు. బొంబాయి ప్రభుత్వ సర్వే అధికారులు 1847లో స్థిరపరచిన పద్ధతిలో నేలను తొమ్మిది తరగతులు చేసి, మొదటి తరగతికి 16 అణాల విలువ నిచ్చిరి. అందు రంగుతో పాటు లోతును మూరలలో కొలిచిరి. ఒకటి ముప్పాతిక మూర లోతు ఉత్తమముగా నెంచబడెను. సున్నపు గుల్లలు, ఇసుక, వాలు, నీటి కోత మొదలగునవి దోషములుగా లెక్కింపబడి, దోషమున్నచో తరగతి తగ్గింపబడెను. హైదరాబాదు సంస్థానపు సర్వే బందోబస్తు కూడ ఈ అణాల లెక్కనే అనుసరించినది.

ఆ వర్గీకరణము శిస్తు కొరకు చేయబడినది, పైరు కొరకు గాదు. చలక యను మాట రైతునోటను, కాగితమునందును నిలిచినది గాని, ఆనాడు గునపము చెప్పిన లోతు మరుగుపడినది. అంతేగాక ఆ పిమ్మట ఎన్నియో ఏండ్లు వానలు మన్నును కోసినవి. కావున తాత కాలపు తరగతి నేటి పొలమునకు అట్లే వర్తించునని నమ్మరాదు.

4. నేటి శాస్త్రీయ వర్గీకరణము

నేటి శాస్త్రజ్ఞులు నేలను గుంట త్రవ్వి పొరపొరగా పరీక్షించి, దానితోపాటు ఆ చోటి వానను, నేల వేడిమిని లెక్కకు దెచ్చి పేరు పెట్టుదురు. క్రిందిపొరలో బంక చేరిన ఎర్రనేలలు ఆల్ఫిసాల్ వర్గమునకు చెందును. పొరలు ఇంకను చక్కగా ఏర్పడని నేలలు ఇన్సెప్టిసాల్ వర్గమునకును, ఎండకు బీటలువారు నల్లరేగడులు వర్టిసాల్ వర్గమునకును చెందును.

1972లో స్థాపింపబడిన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థవారి క్షేత్రములలో ఎర్రనేలయు నల్లరేగడియు రెండును గలవు. అచ్చటి ఎర్రనేలకు పటాన్‌చెరు శ్రేణి యని పేరు. అది రోడుస్టాల్ఫ్ అను తెగలో చేరినది. ఆ పేరులో రోడ్ అనగా ఎరుపు. ఉస్ట్ అనగా ఏటిలో కొంతకాలము తడిగా నుండి చాలకాలము ఎండిపోవు నేల. ఆల్ఫ్ అనగా బంక క్రిందికి దిగిన వర్గము. ఈ ఒక్క పేరులోనే రంగు, వాన, పొర మూడును ఇమిడియున్నవి. చలకయను మాటతో పాటు రైతు తెలిసికొనవలసినవియు ఈ మూడే. వానికి లోతును చేర్చుకొనవలెను.

5. నీటి నిలువ లెక్క

నేలను నీటి గరిసెగా భావింపవచ్చును. గరిసె పెద్దదైనచో ధాన్యము చాలదినములు వచ్చునట్లు, నేల లోతైనచో నీరు చాలదినములు వచ్చును. పైరు వేళ్లు పీల్చుకొనదగిన నీరు అడుగు లోతునకు సుమారుగా దుబ్బలో 20 మిల్లీమీటర్లు, చలకలో 30, రేగడిలో 50 మిల్లీమీటర్లు నిలుచును. ఏపుగా నున్న పైరు దినమునకు 4 మొదలు 5 మిల్లీమీటర్లు త్రాగును.

ఈ లెక్కను రెండు పొలములకు వర్తింపజేసి చూడుడు. మొదటిది అడుగు లోతు చలక; అందు మూడవవంతు రాళ్లు. రాయి నీరు నిలుపదు గనుక 30లో 10 తీసివేయగా 20 మిల్లీమీటర్లు మిగులును. అది ఐదు దినముల త్రాగుడునకు మాత్రమే చాలును. రెండవది మూడడుగుల చలక, రాళ్లు లేనిది. అందు 90 మిల్లీమీటర్లు నిలుచును; సుమారు ఇరువది దినములు వచ్చును. నిలువలో సగము తరిగినప్పటినుండియే పైరు నలగనారంభించును గనుక పూర్తి లెక్కపై ఆధారపడరాదు. అయినను పదునైదు దినములు వాన లేనపుడు ఏ పొలము నిలుచునో, ఏది ఎండునో దీనివలన ముందుగనే తెలియును.

6. గుంట పరీక్ష

వేసవిలో, లేదా దుక్కికి ముందు, ఈ క్రింది విధముగా చేయవలెను.

(అ) పొలమున ఎగువ, నడుమ, దిగువ ఒక్కొక్క గుంట మూడడుగుల లోతున త్రవ్వవలెను. మొరము ముందుగా తగిలినచో అచ్చటనే ఆగి లోతు కొలువవలెను.

(ఆ) గుంట గోడను పారతో నిలువుగా చెక్కి, రంగు మారుచోట్లను గుర్తించి, ప్రతిపొర మందమును వ్రాసికొనవలెను.

(ఇ) ప్రతిపొర మన్నును తడిపి అరచేతిలో పిసికి, బొటనవ్రేలితో పట్టీగా సాగదీయవలెను. సాగకయే విరిగిన యెడల ఇసుకపాలు. అంగుళము సాగి విరిగినచో మధ్యరకము. రెండంగుళములు సాగినచో బంకనేల.

(ఈ) మన్నును జల్లించి, రాళ్ల పాలు ఎంతో అంచనా వేయవలెను. నిమ్మరసము పిండినపుడు నురుగు వచ్చినచో సున్నము గలదని తెలియవలెను.

(ఉ) సారపరీక్షకు గుంట మన్ను పనికిరాదు. పొలమున ఎనిమిది పది చోట్ల ఆరంగుళముల లోతువరకు మన్ను తీసి, కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను వదలుచు, అర్ధకిలో మిగిల్చి ప్రయోగశాలకు పంపవలెను. 2015లో దేశమున ఆరంభింపబడిన భూసార పరీక్షాపత్రములో పన్నెండు అంశములు వ్రాయబడును. అందు లోతు ఉండదు. దానిని రైతే చేర్చుకొనవలెను.

7. తరగతిని బట్టి సేద్యము

మొదటి తరగతి, అడుగులోపు లోతు: ఏటేట దున్నుటవలన ఉన్న మన్నును పోవును. గడ్డి, సీతాఫలము, వేప మొదలగువానికి విడుచుట మేలు. తప్పనిచో ఉలవలు చల్లవలెను.

రెండవ తరగతి, అడుగు మొదలు రెండడుగులు: పెసర, సజ్జ వంటి స్వల్పకాలపు పైరులును, కరవునకు ఓర్చు ఆముదమును, జొన్నలో కంది సాళ్లును తగును.

మూడవ తరగతి, రెండడుగులకు మించి క్రింద బంకపొర గలది: కంది, మొక్కజొన్న, ప్రత్తి వేయవచ్చును.

ప్రత్తిని గూర్చి ప్రత్యేకముగా ఆలోచింపవలెను. 2002లో బీటీ ప్రత్తికి దేశమున అనుమతి లభించిన పిమ్మట ప్రత్తి రేగడిని దాటి చలకలలో వ్యాపించినది. ఆరుద్ర కార్తెలో విత్తిన ప్రత్తికి చిత్త కార్తె నాటికి సుమారు నూటపది దినములు నిండును. అప్పటికి వానలు వెనుదీయును. కాయ నిండుటకు ఇంకను ఒకటి రెండు నెలలు కావలెను. ఆ కాలమంతయు పైరు నేలలోని నిలువనే త్రాగవలెను. అడుగు లోతు చలకలో ఆ నిలువ వారము దినములైనను రాదు. విత్తనమునకు, ఎరువునకు, మందునకు అప్పు తెచ్చిన రైతు నష్టము చీడవలననని తలచును. పెక్కుమార్లు ఆ నష్టము విత్తిననాడే నేలలో నిర్ణయమై యుండును. బొమ్మకూరు జలాశయము వంటివాని నీరు అందు పొలములకు ఈ లెక్క కొంత సడలును గాని, వానపై ఆధారపడు పొలములకు సడలదు.

నేల లోతును ఒక్క ఏడు పెంచలేము. ఉన్న మన్నును నిలుపుటకు మాత్రము వీలున్నది. వాలునకు అడ్డముగా దున్నవలెను; గట్లను ఏటేట సరిచేయవలెను. గట్టివానకు చలక పైన పెచ్చుగట్టి మొలకను పైకి రానీయనిచో తేలికగా గుంటుక తోలి పెచ్చు పగులగొట్టవలెను. చెరువు పూడికమన్ను చలకకు బంకను చేర్చి నీటి నిలువను పెంచును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినపుడు పెక్కుమంది రైతులు దానిని పొలములకు తోలుకొనిరి. అయితే చౌడు చెరువు మన్ను ఉప్పును తెచ్చును గనుక, తోలుటకు ముందు పరీక్ష చేయించి, ఎంత మన్ను చల్లవలెనో అడిగి తెలిసికొనవలెను.

మూడు గుంటలు త్రవ్వుటకు ఇద్దరు మనుష్యుల ఒకపూట పని చాలును. ఆ పూట చేసిన పని విత్తనపు సంచి కొనుటకు ముందే, ఏ చెలక ఏ పైరును మోయగలదో చెప్పును. లోతు కొలిచి, వ్రాసికొని, ఆ కాగితమును పట్టాపుస్తకముతో పాటు భద్రపరచుకొన్న రైతు తన తరువాతి తరమువారికి నేల పేరుతోపాటు నేల బలమును కూడ అప్పగించినవాడగును.