పలకల ఊరు – కృత్రిమ మేధ

‘రోబో’ అను పదమును లోకమునకు పరిచయము చేసినది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకము. ఆ పదమునకు మూలమైన చెక్ మాటకు వెట్టిచాకిరి అని అర్థము. వెట్టిని యంత్రమునకు అప్పగించినచో మానవుడు సుఖపడునా? ఇందుకు మన మార్కాపురము పలకల పరిశ్రమను మించిన పాఠము లేదు.

గనినుండి తీసిన రాతిని ఉలితో పొరలుగా చీల్చుట చేతిపని. పొర ఎచ్చట విడివడునో పనివాని వ్రేళ్లకు తెలియును. విద్యుత్ రంపము వచ్చి కోత వేగమును పెంచినది. సన్నని సిలికా ధూళియు పెరిగినది. ఊపిరితిత్తులలో చేరిన ఆ ధూళి సిలికోసిస్ వ్యాధిని కలిగించును. దానిని పూర్తిగా నయము చేయు మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ బలపపు కార్మికులలో ఈ వ్యాధి తీవ్రతను 1980లలో వైద్య పరిశోధకులు వెల్లడించిరి. నీటితో తడుపుచు కోసినచో ధూళి తగ్గును. ఆ ఏర్పాటు రంపముతోపాటే రావలసినది! మిగిలిన కాలము యజమానికి, ధూళి కూలివానికి దక్కుట న్యాయమా?

నేడు రంపము స్థానమున కృత్రిమ మేధ నిలిచినది. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీ వ్యాసములు వ్రాయును, అనువదించును. అదే సంవత్సరమున భారత ప్రభుత్వము ‘భాషిణి’ని ప్రారంభించినది. ఉర్దూ, తెలుగు రెండును ఎరిగిన మన విద్యార్థులకు అనువాదము, గుమాస్తాగిరి జీవనోపాధులు. ఆ పనిని యంత్రము చేయగా, దాని తప్పులను దిద్దువాడు మాత్రము మనిషియే. ఆ దిద్దుబాటుకు వేతనమెంత, దొరలిన తప్పునకు బాధ్యులెవరు అను సంగతులు పనిలో చేరుటకు ముందే ఒప్పందములో వ్రాయించుకొనవలసియున్నవి.