పక్షి రెట్టతో పండే కయ్య: చెరువు కింది రైతుల లెక్క

వీడియోలో గూడబాతులు వాలి ఉన్న చెరువు చూశారు కదా, అది తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు. చూడ్డానికి వచ్చేవాళ్ల సంగతి అట్లుంచి, ఈరోజు ఆ చెరువు కింద కయ్యలున్న రైతుల సంగతి మాట్లాడుకుందాం.

అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. గూడబాతు ఈ చెరువు చేపలతోనే సరిపెట్టుకోదు. పులికాట్ సరస్సు దాకా పోయి మేసి వచ్చి పిల్లలకు పెడుతుంది. ఆ చేప అరిగి రెట్టగా చెట్టు కింద నీళ్లలో పడుతుంది. అంటే పులికాట్‌లోని నత్రజని, భాస్వరం తూములోంచి కయ్యలోకి వస్తున్నాయన్నమాట. ఆవు మన గడ్డి తిని మన పొలానికే పేడ ఇస్తుంది. పక్షి బయటినుంచి తెచ్చి ఇస్తుంది, బాడుగ లేకుండా!

ఇది కొత్త సంగతేం కాదు. తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ రైతులు 1798లోనే లయనెల్ ప్లేస్ అనే కలెక్టరు చేత తమ చెరువు పక్షులకు రక్షణ రాయించుకున్నారు. అప్పటికి మన దేశంలో అటవీ శాఖే లేదు.

మా ఊరి చెరువులోనూ తుమ్మ చెట్ల మీద కొంగలు ఉండేవి. పూడిక తీసేటప్పుడు మిషన్‌కు అడ్డమని చెట్లన్నీ పీకించాం. 'పీకించాం' అని ఎందుకంటున్నానంటే, సరే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒండ్రు మట్టి నాలుగు ట్రాక్టర్లు ఎక్కువ తోలుకుని సంబరపడ్డాను కూడా. మరుసటి ఏడు కొంగ వాలలేదు. కయ్యల్లో పీతలు, నత్తలు పెరిగి లేత నాటు కొరికేశాయి, గట్లకు బొక్కలు పడ్డాయి. దాంతో పక్క కయ్యల వాళ్లు కార్బోఫ్యురాన్ గుళికలు చల్లారు. అది పక్షికి ఎంత విషమంటే, చల్లిన మడిలో మేసిన ఒకటీ అరా కొంగలు కూడా గట్టు మీదే పడిపోయాయి.

ఇందులో అసలు కిటుకు నీళ్లు. చెట్టు మొదట్లో నీళ్లుంటేనే కుక్కలు, అడవి పిల్లులు గూటి దాకా రాలేవు. నీళ్లు ఇంకిపోతే పక్షులు గూళ్లు వదిలేసి పోతాయి. మా దగ్గర గొడవంతా ఇక్కడే. ఎడగారు వరికి నీళ్లు కావాలని మార్చిలో తూము అడుగు దాకా లాగేస్తారు, అప్పటికి కొన్ని పిల్లలకు ఇంకా రెక్కలు రావు. ఎడగారు బదులు మినుము, పెసర వేసుకుంటే నీళ్లు మిగుల్తాయని నా వాదన. అరెకరం ఉన్నవాడు 'ఇంట్లో తినడానికి వడ్లు ఎవరిస్తారు?' అంటే నా దగ్గర సమాధానం లేదు.

ఇంకొకటి, రెట్ట నీళ్లు పారే కయ్యకు యూరియా అక్కర్లేదు సరే, జీవామృతం కూడా చూసి వేసుకోండి. ఆకు ముదురు పచ్చగా మారిందంటే నత్రజని ఎక్కువైనట్టే. పిలకలు పూర్తయ్యాక ఒకసారి నీళ్లు తీసి ఆరబెట్టండి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వదలండి. లేకుంటే సుడిదోమ పట్టుద్ది, చేను పడిపోద్ది. నేను ఈ నీళ్లు పారే కయ్య కౌలుకు తీసుకున్న మొదటి ఏడు అలవాటు కొద్దీ యూరియా వేసి, చేనంతా నేలమీద పడేసుకున్నాను.

ఈ ఏడు వానలకు చెరువు లోపలి వైపు 40 కడప మొక్కలు పెట్టాం. గూడు ఆనే మాను కావాలంటే ఏళ్లు పట్టుద్ది. మేకలు తినకుండా ముళ్లకంప కట్టి, వంతులవారీగా చూసుకుంటున్నాం. గుళికలు వాడబోమని ఆయకట్టులో సగం మంది ఒప్పుకున్నారు. తూము సంగతి మాత్రం ఇంకా తెగలేదు, ఆదివారం రచ్చబండ దగ్గర మళ్లీ కూర్చుంటున్నాం. మీ ఊళ్లో గూళ్ల కోసం నీళ్లు నిలబెట్టి ఉంటే, చిన్న రైతుకు ఎట్లా సర్దారో చెప్పండి.