చిల్లును ముందు పెద్దది చెయ్యి



పాత ఫైబర్ తెప్పను నువ్వే బాగు చేసుకుంటానని రాశావు, సంతోషం. రెసిన్ ఎన్ని కేజీలు కొనాలని అడిగావు చూశావూ, అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఈ మరమ్మతు నిలవడమూ ఊడిపోవడమూ నువ్వు ఎంత పూశావన్నదాని కంటే ఎంత అరగదీశావన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

చెక్క నావ అలవాటు ఇక్కడ మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. పలకల మధ్య సందు పడితే పత్తి కూరి తారు పూస్తారు. కట్టుతెప్పలో దుంగ పుచ్చితే దుంగ మార్చి తాళ్లు బిగిస్తారు. ఫైబర్‌లో సందులూ లేవు, దుంగలూ లేవు. ఉన్నవి గాజు పోగులు, వాటిని కదలకుండా పట్టి ఉంచే రెసిన్. కెరటం దెబ్బ మోసేది పోగులే. చిల్లు పడిందంటే పోగులు తెగాయని అర్థం. ఆ చోట ఎంసీల్ మెత్తితే నీళ్లు ఆగుతాయి కానీ తెగిన పోగుల బరువు మోసేవాళ్లు ఎవరూ లేరు. ఇసుక మీద నాలుగుసార్లు ఈడిస్తే అదే అంచున మళ్లీ చీలుతుంది. వల చినిగితే ఏం చేస్తారో నీకు తెలుసు. చిరుగు అంచులు కత్తిరించి, గట్టి కన్నుల దాకా వెళ్లి, అక్కణ్ణుంచి అల్లుకొస్తారు. ఫైబర్ పనీ అంతే.

గట్టి చోటు ఎక్కడ మొదలవుతుందో కంటికి కనబడదు. రూపాయి బిళ్ళతో చిల్లు చుట్టూ కొట్టుకుంటూ వెళ్లు. బాగున్న చోట టక్కుమని మోగుతుంది, పొరలు విడిపోయిన చోట బొదబొదమంటుంది. ఆ హద్దు వెంబడి పెన్సిల్ గీత గీసి, లోపలిదంతా కోసి పారేయి. తర్వాత అంచును పళ్లెం వాలులా గ్రైండర్‌తో అరగదీయాలి. గట్టి మరమ్మతుకు వాలు వెడల్పు మందానికి పన్నెండు రెట్లు ఉండాలని లెక్క. గోడ మందం 6 మిల్లీమీటర్లయితే వాలు 72. అంటే 50 మిల్లీమీటర్ల చిల్లు చుట్టూ జానెడు పల్లం అవుతుంది.

బాగున్న గోడను చేజేతులా పాడుచేయడమేమిటని నువ్వు అడుగుతావు. సబబైన సందేహమే. కానీ పాత రెసిన్ ఎప్పుడో గట్టిపడిపోయింది. కొత్తది దానితో కరిగి ఏకమవదు, గరుకు గీతల్లోకి దిగి పట్టుకోవాల్సిందే. నిట్టనిలువు అంచు దానికి 6 మిల్లీమీటర్ల చోటిస్తుంది, వాలు 72 ఇస్తుంది. పైపైన అతుకు వేస్తే చాలదా అంటే, ఒడ్డుకు లాగేటప్పుడు ఇసుక మొదట పట్టేది పైకి లేచిన ఆ అంచునే. ఎపాక్సీ వాడితే ఈ శ్రమ తప్పుతుందని కొందరంటారు. పాత ఫైబర్‌ను అది మామూలు పాలియెస్టర్ రెసిన్ కంటే గట్టిగా పట్టుకుంటుందన్నది నిజమే. అయితే నూనె మరకల మీదా పాత రంగు మీదా అదీ నిలవదు. పైగా మామూలు గాజు మ్యాట్‌లో పోగులను అంటించిన జిగురు పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది. ఎపాక్సీకి నేత గుడ్డ కొనాలి, ఖర్చూ ఎక్కువ.

అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. గాజు దుమ్ము ఒంటికి తగిలితే రాత్రంతా దురదే. రెసిన్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, కాబట్టి కళ్లద్దాలు పెట్టుకో. రెసిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే కోబాల్టునూ హార్డ్‌నర్‌నూ నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపకు, పేలుతుంది. మంచు తడి పూర్తిగా ఆరాక, నీడలో పని పెట్టుకో. ఎండలో రెసిన్ గిన్నెలోనే గడ్డకడుతుంది.

ఇక నీ ప్రశ్న. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక్కో పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. ఆ జానెడు పల్లానికి చిన్నవీ పెద్దవీ ఆరు ముక్కలు కావాలి, అన్నీ కలిపి 35 గ్రాములు. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది. అంటే వంద గ్రాముల లోపే. ఒలికిపోయేదీ బ్రష్షుకు అంటుకునేదీ వేసుకున్నా పావుకిలో కొను, చాలు. ఉప్పుకాగితం మాత్రం దండిగా తెచ్చుకో.