పెదవికీ మాటకీ పొంతన

పాత పెళ్లి క్యాసెట్టును డిస్కులోకి ఎక్కించినప్పుడు రంగు కాస్త వెలిసినా, తెర అంచున గీతలు పడినా ఇంట్లోవాళ్లు సర్దుకుపోతారు. తాతయ్య పెదవులు ముందు కదిలి మాట తర్వాత వినిపిస్తే మాత్రం ఎవరికీ మనసు ఒప్పదు. ఇప్పుడు లేని మనిషి గొంతు ఆ క్యాసెట్టులో తప్ప ఇంకెక్కడా మిగిలి ఉండకపోవచ్చు. అందుకే బొమ్మ మెరుగుల కంటే ముందు ఈ పొంతన మీద శ్రమ పెట్టాలంటాను. సాఫ్ట్‌వేర్ తెరిచి ఆడియోను ఊరికే అటూ ఇటూ జరిపితే పని కాదు. తేడా ఏ రకందో ముందు కొలవాలి. అది తెలిస్తే సగం పని అయినట్టే.

మొదట క్యాసెట్టునే పరీక్షించండి. వీసీఆర్‌ను ఏవీ కేబుల్‌తో నేరుగా టీవీకి కలిపి చూడండి. పాత డబ్బా టీవీ దొరికితే మరీ మంచిది. అక్కడ మాట సరిగ్గా ఉంటే తప్పు కంప్యూటర్లోకి ఎక్కించడంలో జరిగింది. అక్కడే తేడా ఉంటే ఆ రోజుల్లో స్టూడియోలో మిక్సింగ్ చేసినప్పుడే వచ్చిందన్నమాట. మన పెళ్లి క్యాసెట్లలో చాలాచోట్ల అసలు మాటలు తీసేసి సినిమా పాటలు వేశారు కదా, ఆ భాగాల్లో సింక్ వెతికి లాభం లేదు. అయితే షూటింగు చేసిన అసలు టేపే మీ దగ్గర ఉండి, అది హై-ఫై కెమెరాతో తీసిందైతే ఒక ఆశ ఉంది. తర్వాత అద్దిన పాట టేపు అంచున ఉండే మామూలు ఆడియో ట్రాకు మీద మాత్రమే పడుతుంది. తిరిగే హెడ్లు బొమ్మతోపాటు రాసిన హై-ఫై ట్రాకులో అసలు మాటలు అలాగే ఉంటాయి. హై-ఫై వీసీఆర్‌లో ఆడియో సెలెక్ట్ మార్చి వినండి. పాట కింద ఇన్నేళ్లూ అణగి ఉన్న పెళ్లివారి మాటలు బయటపడవచ్చు.

టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. హెడ్లు పాడవుతాయి, బూజు తర్వాతి క్యాసెట్టుకూ అంటుకుంటుంది. బాగున్న టేపునైతే ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి కదలని చుట్టలు సమంగా బిగుస్తాయి.

ఇక ఎక్కించడం. సింక్ చెడేది ఎక్కువగా ఇక్కడే, రెండు కారణాల వల్ల. మొదటిది రెండు గడియారాల పేచీ. పసుపు పిన్నును క్యాప్చర్ పరికరానికి, తెలుపు, ఎరుపు పిన్నులను కంప్యూటర్ మైకు రంధ్రానికి పెడితే బొమ్మను ఒక గడియారం, శబ్దాన్ని ఇంకొకటి కొలుస్తాయి. సెకనుకు 48,000 నమూనాలు తీయాల్సిన చోట ఒకటి 47,990 తీసిందనుకోండి. గంటకు ముప్పావు సెకను తేడా వస్తుంది. మూడు గంటల క్యాసెట్టు ముగిసేసరికి అది రెండుంపావు సెకన్లు. మూడు పిన్నులూ ఒకే పరికరంలోకి పోవాలనేది అందుకే. ఆడియోను 44,100 దగ్గర కాకుండా మొదటినుంచీ 48,000 దగ్గరే తీసుకోండి. డీవీడీకి కావలసిందీ అదే.

రెండో కారణం ఫ్రేములు జారిపోవడం. మన దేశంలో తీసిన టేపులు పాల్ పద్ధతివి. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కొక్కటి 40 మిల్లీ సెకన్లు. టేపు సాగినా, అరిగినా బొమ్మ గీతల మధ్య వ్యవధి వణుకుతుంది. ఆ వణుకును తట్టుకోలేని పరికరం కొన్ని ఫ్రేములను వదిలేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా ప్రవహిస్తూనే ఉంటుంది. అలా 25 ఫ్రేములు జారితే బొమ్మ ఒక సెకను కురచై ముందుకు పరుగెత్తుతుంది, మాట వెనకబడుతుంది. దీనికి అసలైన విరుగుడు ఆ వణుకును సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం. విడిగా కొనాలంటే ఖరీదు. కొన్ని మంచి వీసీఆర్‌లలో లోపలే ఉంటుంది. పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 లాంటి పాత డీవీడీ రికార్డర్లలోంచి సిగ్నలును పంపి, వాటి అవుట్‌పుట్ నుంచి క్యాప్చర్ చేసుకునేవాళ్లూ ఉన్నారు. రికార్డు చేయనక్కర్లేదు, ఊరికే దాని గుండా పోనిస్తే చాలు, వణుకు చాలావరకు తగ్గుతుంది. నాకు తెలిసినంతలో ఈ పనికి పెట్టే డబ్బులో సార్థకమయ్యేది ఇదే.

క్యాప్చర్ జరుగుతున్నంతసేపు కంప్యూటర్‌లో వేరే పని పెట్టుకోకండి. వర్చువల్‌డబ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో జారిన ఫ్రేములెన్ని, చేర్చినవెన్ని అని అంకెలు కనిపిస్తుంటాయి. జారిన అంకె పెరుగుతూ పోతుంటే మూడు గంటలూ పూర్తికానివ్వడం అనవసరం. అక్కడే ఆపి కారణం వెతకండి.

ఫైలు చేతికొచ్చాక కొలత మొదలుపెట్టాలి. సినిమావాళ్లు క్లాప్ కొట్టేది ఇందుకే: చప్పుడూ బొమ్మా ఒకే క్షణంలో పట్టుకోవడానికి. పెళ్లి క్యాసెట్టులో క్లాప్ ఉండదు కానీ అంతకు తీసిపోనివి చాలా ఉంటాయి. కొబ్బరికాయ రాతిమీద పగిలే క్షణం అన్నిటికంటే నికార్సైనది. గట్టిమేళంలో డోలు మీద కర్ర పడటం కూడా పనికొస్తుంది, కెమెరా అటు తిరిగి ఉంటే. పెదవులను నమ్ముకుంటే కొలత గట్టిగా దొరకదు. మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, చివర్లో ఒకటి, మూడు చోట్ల ఇలాంటి గుర్తులు ఎంచుకోండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో జె, కె మీటలు ఆడియోను 50 మిల్లీ సెకన్ల చొప్పున ముందుకూ వెనక్కూ జరుపుతాయి. ఎంత జరిపారో తెరమీద కనిపిస్తుంది. కాయ పగలడమూ చప్పుడూ కలిసిన చోటి అంకెను రాసుకోండి.

ఆ మూడు అంకెలే రోగం చెబుతాయి. మూడూ ఒక్కటే అయితే కథ సులువు. అవిడెమక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో షిఫ్ట్ గడిలో ఆ అంకె వేసి సేవ్ చేస్తే సరి.

అంకె క్రమంగా పెరుగుతూ పోతే గడియారాల పేచీ. అప్పుడు జరపడం పనికిరాదు, ఆడియో పొడవునే మార్చాలి. మొదట్లో తేడా లేకుండా మూడు గంటల చివర మాట 1.8 సెకన్లు వెనకబడిందనుకోండి. 10,801.8 సెకన్ల ఆడియోను 10,800కు కుదించాలి. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్ మార్చే చోట కొత్త పొడవును నేరుగా ఇవ్వవచ్చు. టెంపో జోలికి పోకండి. గడియారం తప్పు వల్ల శ్రుతి కూడా అదే పాళ్లలో మారి ఉంటుంది కాబట్టి స్పీడ్ మార్చడమే న్యాయమైన సవరణ. ఆరువేలలో ఒక వంతు మార్పు నాదస్వరం శ్రుతిలో ఎవరి చెవికీ అందదు.

అంకెలు ఒక పద్ధతి లేకుండా ఉంటే, ఒకచోట సరిగ్గా ఉండి హఠాత్తుగా అర సెకను పోతుంటే, ఫ్రేములు జారాయి. బొమ్మ కుదుపుకు గురైన చోట్లను వెతికి ఫైలును అక్కడక్కడ ముక్కలు చేసి, ముక్కముక్కకూ విడిగా షిఫ్ట్ ఇవ్వవచ్చు. కానీ కుదుపులు నాలుగైదు మించితే ఆ పని వదిలేసి డీవీడీ రికార్డరు గుండా మళ్లీ ఎక్కించడమే మేలు.

ఎంత దగ్గరికి వస్తే చాలు? ప్రసార రంగానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన కొలత ఉంది: మాట 45 మిల్లీ సెకన్లు ముందొస్తే మనం పసిగడతాం, వెనకబడితే 125 దాకా గమనించం. చెరువు అవతలి గట్టున చాకిరేవులో బట్ట బండకు తగిలాక చప్పుడు వినడం మనకు అలవాటే. శబ్దం ముందుగా రావడం ప్రకృతిలో ఎక్కడా లేదు. అనుమానంగా ఉంటే మాటను ఒక ఫ్రేము వెనకే ఉంచండి.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలన్నా ఫైలును 25 ఫ్రేముల దగ్గరే ఉంచండి. కంప్యూటర్ ఏ పద్ధతినైనా ఆడిస్తుంది. అక్కడి పద్ధతికి మారుద్దామని బొమ్మను 23.976కు నెమ్మదింపజేసి ఆడియోను మరిస్తే మూడు గంటలకు ఏడు నిమిషాలకు పైగా తేడా వస్తుంది.

డిస్కుకు ఎంపెగ్-2, 720×576, 25 ఫ్రేములు, 48,000 నమూనాల ఆడియో. మూడు గంటలను 4.7 జీబీ డిస్కులో కుక్కితే బొమ్మ చితికిపోతుంది. గంటన్నర చొప్పున రెండు డిస్కులు చేయండి. ముందు తిరగరాయగలిగే డిస్కు మీద రాసి, ఇంట్లో ప్లేయర్‌లో పెట్టి అవే మూడు కొబ్బరికాయలను చూడండి. అక్కడ మాట కాస్త ముందొస్తున్నట్టనిపిస్తే ఫైలును ముట్టుకోకండి. పల్చటి టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దడానికి సమయం తీసుకుంటాయి. గేమ్ మోడ్ పెట్టి చూసి, అప్పటికీ తేడా ఉంటేనే డిస్కును అనుమానించాలి.