లోహశోధక యంత్రము: కొనదలచిన రైతు తెలిసికొనవలసిన సంగతులు

భూమిలో దాగియున్న లోహమును కనిపెట్టి ధ్వనిచేయు సాధనమునకు లోహశోధక యంత్రమని పేరు. వాడుకలో దీనిని మెటల్ డిటెక్టరందురు. పొలమున పాతనాణెములు దొరకునను ఆశతో కొందరును, పోయిన పనిముట్టు వెదకుటకై కొందరును దీనిని కొనదలచుచుందురు. చిలకలగూడనుండి రాణిగంజు బజారు ఎంతో దూరము లేదు. అచట యంత్రపరికరముల దుకాణములు విస్తారముగా నున్నవి. కాని దుకాణము దగ్గరగా నుండుట కొనుటకు కారణము కాజాలదు. ఏ పనికై కొనుచున్నామో ముందు నిశ్చయించుకొని, పిమ్మట ఎట్టి యంత్రము కావలెనో విచారింపవలెను. ఈ క్రమము తప్పినవారు ధనము పోగొట్టుకొందురు. ఒక్కొక్కప్పుడు చట్టమునకును చిక్కుదురు.

1. యంత్రము పనిచేయు విధము

కఱ్ఱకు చివర పళ్లెమువంటి చుట్ట ఒకటి యుండును. అందులో రాగితీగె చుట్లు రెండు కలవు. మొదటి చుట్టలో విద్యుత్తు క్షణమునకు వేలకొలది మారులు దిశ మార్చుకొనుచు ప్రవహించును. అందువలన చుట్టును, క్రింది నేలలోను అయస్కాంత ప్రభావము ఏర్పడును. ఆ ప్రభావమునకు లోహము తగిలినచో, లోహమునందును చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టి, తమదైన అయస్కాంత ప్రభావమును వెలువరించును. రెండవ చుట్ట దానిని గ్రహించును, యంత్రము మ్రోగును.

దీనినిబట్టి రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది: యంత్రము మట్టికుండను గాని, రాతివిగ్రహమును గాని, రత్నమును గాని ఎరుగదు. లోహమును మాత్రమే యెరుగును. రెండవది: అది లోహముయొక్క వెలను ఎరుగదు. విద్యుత్తు ఎంత సులభముగా ప్రవహించునో దానినే తెలుపును. వెండి, రాగి ఒక వైపునను, రేకుముక్కలు, సన్నని బంగారు వస్తువులు, సీసము మరియొక వైపునను చేరును. కావున యంత్రముమీద బంగారమని చూపిన అంకె సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితమునకును, సీసామూతకును కూడ రావచ్చును.

1881లో అమెరికా అధ్యక్షుడగు గార్ఫీల్డు శరీరములోని తుపాకిగుండును వెదకుటకు టెలిఫోను నిర్మాత అలెగ్జాండరు గ్రాహాం బెల్ ఇట్టి సాధనమునే ప్రయోగించెను. మంచములోని ఉక్కుస్ప్రింగులు ఆ ప్రయత్నమును చెడగొట్టెనని చెప్పుదురు. ఈనాటికిని అదే నియమము. ఇనుపగొలుసుల చెప్పులు, చేతిలోని పార, నడుమునకున్న తాళపుగుత్తి దగ్గర నున్నచో యంత్రము మాటిమాటికి అబద్ధమాడును.

2. రకములు, వానిలో తారతమ్యము

సాధారణముగా దొరకు యంత్రములు మూడు విధములు.

ఏకతరంగ యంత్రము: ఇది వెల తక్కువది, ఇనుమును ఇతర లోహములనుండి కొంతవరకు వేరుచేసి చూపును. తరంగసంఖ్య తక్కువయైనచో పెద్ద వస్తువులను, వెండిరాగులను బాగుగా పట్టును. ఎక్కువయైనచో చిన్న వస్తువులను పట్టును.

బహుతరంగ యంత్రము: పెక్కు తరంగములను ఒకేసారి వాడును. వెల యెక్కువ. ఇనుపమన్ను గల నేలలలో దీని తీర్పు నిలకడగా నుండును.

స్పందన యంత్రము: విద్యుత్తును ఆగి ఆగి పంపును. లోతునకు పోవును, చెడ్డనేలను లెక్కచేయదు. కాని ఇనుమును ఇతర లోహములనుండి వేరుచేయుటలో మిక్కిలి బలహీనము. మేకుల పొలములో దినమంతయు త్రవ్వించును.

మన నేలల సంగతి ప్రత్యేకముగా తలపవలెను. తెలంగాణపు ఎర్రచెలకలలో ఇనుపభస్మము కలదు. రేగడినేలలు నల్లరాతి నుండి పుట్టినవి గనుక వానిలో అయస్కాంతగుణము గల ఇసుక కలిసియుండును. నేలయే లోహమువలె మ్రోగును. దీనిని అణచుటకు భూసమీకరణమను ఏర్పాటు యంత్రములో నుండవలెను. అది చేతితో సవరించుకొనుటకు వీలగునదైన మరియు మేలు. ఈ ఏర్పాటు లేని చౌకయంత్రము సముద్రతీరపు తెల్లని యిసుకలో పనిచేసినను, మన చెలకలో పనికిరాదు.

చుట్ట వెడల్పు 9 మొదలు 11 అంగుళములు సామాన్యపు పనులకు చాలును. పెద్దచుట్ట లోతుగా చూచును గాని చిన్నవస్తువులను విడిచిపెట్టును, చేయి నొచ్చును. చుట్టలోనికి నీరు చొరరాదు. మొత్తము బరువు ఒకటిన్నర కిలోలకు మించనిది గంటసేపైనను త్రిప్పవచ్చును.

లోతు విషయమున దురాశ పనికిరాదు. విడినాణెమును మంచి యంత్రమైనను సాధారణముగా జానెడు లోతువరకే పట్టును. నాగటికఱ్ఱువంటి పెద్దవస్తువైనచో మరికొంత లోతున పట్టును.

3. ధనము చెల్లించుటకు ముందు పరీక్ష

దుకాణపు బల్లమీద నాణెము పెట్టి మ్రోగించుట పరీక్ష కాదు. మన పొలపు నేలమీదనే చూడవలెను. లోహము లేని చోట 3, 6, 9 అంగుళముల లోతున మూడు గుంటలు తీసి, ఒక్కొక్కదానిలో పాత రాగినాణెమును గాని, అయిదు రూపాయల పసుపుపచ్చని నాణెమును గాని ఉంచి కప్పవలెను. ప్రక్కన మరియొక గుంటలో తుప్పుపట్టిన మేకును పాతిపెట్టవలెను. పాతిన చోటు ఎరుగని మనుష్యునిచేత వెదకింపవలెను. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల నాణెములు తుప్పుపట్టని ఉక్కుతో చేసినవగుటచే అయస్కాంతమునకు అంటుకొనును. యంత్రము వానిని ఇనుముగా చూపవచ్చును. కావున పరీక్షకు అవి తగవు.

రసీదు, పూచీపత్రము, మరమ్మతుచేయు చోటు ఈ మూడును లేని బేరము చేయరాదు.

4. మోసములనుగూర్చి హెచ్చరిక

వందల గజముల దూరమునుండి బంగారమును చూపునని రెండు లోహపు కడ్డీలు గల పిడిని అమ్మువారు కలరు. ఇట్టి దూరశోధకములకు శాస్త్రాధారము లేదు. కడ్డీ తిరుగుట చేతివంపు వలననే. చదువుకొన్న ప్రభుత్వములు సైతము ఈ వలలో పడినవి. ఏ.డి.ఇ. 651 అను పేరుతో పిడికి కడ్డీ తగిలించిన వస్తువును బాంబులను కనిపెట్టు యంత్రమని చెప్పి ఇరాకు మొదలగు దేశములకు అమ్మిన జేమ్స్ మెకార్మిక్ అనునతనికి 2013లో ఇంగ్లండు న్యాయస్థానము 10 సంవత్సరముల శిక్ష విధించెను. బాంబుల విషయముననే అట్లు మోసపుచ్చగలవారు బంగారపు విషయమున వెనుదీయుదురా?

బియ్యపుగింజలను లాగుకొను రాగిపాత్రకు కోట్లు పలుకునను రైస్ పుల్లింగు వంచన మన ప్రాంతములలో ప్రసిద్ధమే. నిక్షేపమున్నదని చెప్పి, పూజలకును యంత్రమునకును ముందుగా సొమ్మడుగు వానిని గడప దాటనీయరాదు. నిక్షేపముండిన చోటు నిజముగా తెలిసినవాడు ఇతరుల గడప త్రొక్కడు గదా. విత్తనములకు ఎరువులకు తెచ్చిన అప్పును ఇట్టి పనికి మళ్లించినవాని కుటుంబమే కాక, అతనికి పూచీపడిన సభ్యులును నష్టపోవుదురు.

5. పొలమునకు నిజమైన ప్రయోజనము

తెగిపడిన గుంటకపళ్లు, ట్రాక్టరు పిన్నులు, బోల్టులు, ఇనుపకంచె ముక్కలు నేలలో నుండి కోతయంత్రమును పాడుచేయును. వానిని వెదకుటకు ఏకతరంగ యంత్రము చాలును. లోహపు గొట్టముల జాడ తెలిసికొనుటకును ఉపయోగించును. కాని విద్యుత్తీగెలు పోవు చోట, ప్రవాహమును నిలిపించినగాని త్రవ్వరాదు.

పశువుల విషయము అంతకంటె ముఖ్యము. ఆవుగేదెలు మేతను నమలక మ్రింగుటచే తీగెముక్కలు, మేకులు రెండవ కడుపున చేరును. అవి గోడను పొడిచి గుండెవరకు పోయి ప్రాణము తీయును. పశువైద్యులు ఇట్టి రోగమును గుర్తించుటకు లోహశోధకమును వాడుట కలదు. చాపుయంత్రముచెంత, గడ్డివామి చుట్టును నెలకొకసారి వెదకినచో ఒక పశువు దక్కినను యంత్రపు వెల వచ్చినట్లే. ఇనుపముక్కలకు బలమైన అయస్కాంతమును దాణాలో త్రిప్పుట ఇంకను చౌక. రాగితీగెకు మాత్రము అది పనిచేయదు.

6. పాతనాణెముల విలువ ఎక్కడ నున్నది?

2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రమున పురావస్తుశాఖవారు త్రవ్వుచుండగా, సుమారు రెండడుగుల లోతున ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు బయల్పడెను. ఒక వైపున ఏనుగు, మరియొక వైపున ఉజ్జయిని చిహ్నము కలవు. అవి ఇక్ష్వాకుల కాలపువని నిర్ణయించిరి. నాణెము సగటు బరువు 2.3 గ్రాములు. అన్నియు కలిపి ఎనిమిదిన్నర కిలోల సీసము. తుక్కుగా తూచి అమ్మినచో రెండు మూడు వేల రూపాయలకు మించి రాదు. కాని కుండ ఎచట, ఏ పొరలో, ఏ వస్తువుల సరసన నుండెనో తెలిసినందున అది మన దేశచరిత్రకు సాక్ష్యమైనది.

కోటిలింగాల కథ మరియు గొప్పది. గోదావరి యొడ్డునగల ఆ గ్రామమున నేలమీద దొరకిన చిన్ననాణెములను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిగారు సేకరింపగా, శాసనపరిశోధకులు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివి ప్రకటించిరి. వానిలో శాతవాహనవంశ మూలపురుషుడగు సిముకుని నాణెములును, అంతకు ముందటి గోబద, నారన, సమగోప మున్నగు రాజుల నాణెములును కలవు. శాతవాహనుల తొలి చరిత్రలో తెలంగాణపు స్థానము దీనివలన బలపడెను. అవి దొరకిన ఊరు తెలియక హైదరాబాదు బజారులో అమ్ముడుపోయి యుండినచో, ఈ సంగతి నేటికిని తెలిసెడిది కాదు.

ఇనుముమాట కూడ చెప్పవలెను. చిలకలగూడకు కొలది మైళ్ల దూరమున మౌలాలీలో ప్రాచీనపు రాతిసమాధులు బయల్పడినవి. పల్లెలలో వీనిని రాకాసిగుళ్లందురు. ఇట్టి సమాధులలో ఇనుపకొడవళ్లు, బాకులు లభించుచుండును. ఇనుమును వదలివేయునట్లు సవరించిన యంత్రము వీనిపై మ్రోగదు. వెదకువాడు తుక్కని పారవేయును. ఆనాటి సేద్యగాని కొడవలి అట్లు నశించును.

7. దొరికినప్పుడు చేయవలసినది

నాణెములకై వెదకుట ఉద్దేశ్యముగా కోటలు, గుళ్లు, పాటిదిబ్బలు, ప్రభుత్వ రక్షణలోని స్థలములందు యంత్రము త్రిప్పి త్రవ్వుట తగదు. రక్షిత కట్టడములకు హాని చేసినవారికి 1958 నాటి చట్టము క్రింద శిక్ష కలదు. నూరేండ్లు దాటిన పురావస్తువుల వ్యాపారమునకు 1972 నాటి చట్టము ప్రకారము అనుమతిపత్రము కావలెను. దేశము దాటించుట వ్యక్తులకు నిషిద్ధము.

దున్నుచుండగా తానుగా బయల్పడినచో మార్గము వేరు. ఆంధ్రజిల్లాలకు చెల్లు 1878 నాటి నిక్షేపచట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినవాడు కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. సొంతదారు లేదని తేలినచో, వేరు ఒప్పందము లేనియెడల, దొరికినవానికి నాలుగింట మూడు పాళ్లు, భూమి యజమానికి ఒక పాలు వచ్చును. ప్రభుత్వము తీసికొనదలచినచో లోహపు వెలకు అయిదవ వంతు చేర్చి చెల్లించును. దాచినవాడు తన వాటాను కోల్పోవుటయే కాక ఒక సంవత్సరమువరకు ఖైదునకు పాత్రుడగును. నైజాము రాజ్యమునకు ప్రత్యేక శాసనముండెను గనుక తెలంగాణపు రైతులు వాటాల వివరమును తహసీలు కార్యాలయమున విచారించుకొనవలెను. తెలియజేయుట మాత్రము ఉభయ ప్రాంతముల వారికిని విధి.

కనుక కుండ కనబడగానే నాగలి నిలుపుడు. నాణెములను కడుగకుడు, రుద్దకుడు, పంచుకొనకుడు. కుండ పెంకులను సైతము కదలింపక, చోటునకు గుర్తు పెట్టి, ఊరిపెద్దలను సాక్షులుగా నుంచి, తహసీలుదారునకు కబురంపుడు.

ఇంగ్లండు దేశమున 1992 నవంబరులో హాక్సన్ అను గ్రామపు రైతు తన సుత్తిని పొలమున పోగొట్టుకొనెను. అతని మిత్రుడు ఎరిక్ లాస్ లోహశోధకముతో వెదకుచుండగా రోమనుల కాలపు బంగారు వెండి నాణెములు కానవచ్చెను. అతడు త్రవ్వుట ఆపి అధికారులకు తెలిపెను. పురావస్తువేత్తలు మరునాడే వచ్చి క్రమముగా త్రవ్వగా, సుమారు 15,000 నాణెములు, నగలు, వెండిసామాను చెక్కుచెదరక లభించెను. ప్రభుత్వము 17,50,000 పౌనుల బహుమానమిచ్చెను. దానిని అతడు రైతుతో పంచుకొనెను. ఆ సుత్తియు నేడు బ్రిటిష్ మ్యూజియములో నున్నది. అచటి చట్టము వేరు, మన చట్టము వేరు. అయినను త్రవ్వుట ఆపుటయే వారికి మేలు చేసెనని గ్రహింపవలెను.

8. సంఘములకు సూచన

ప్రతి రైతును ఒక యంత్రము కొనుట వ్యర్థము. ఏడాదిలో పది దినములు కూడ దానికి పని యుండదు. సంఘము తరఫున, భూసమీకరణము గల ఏకతరంగ యంత్రమునొకదానిని పైని చెప్పిన విధముగా పరీక్షించి కొని, స్వల్పపు అద్దెకు సభ్యులకు ఇచ్చుట లెస్స. తీసికొనిన దినము, సర్వే నంబరు, వెదకిన వస్తువు, దొరకిన వస్తువు ఒక పుస్తకములో వ్రాయించినచో దుర్వినియోగమును అరికట్టవచ్చును, సంఘమునకు మాట రాదు.

పోయిన కఱ్ఱును వెదకి తెచ్చు యంత్రము రైతునకు సేవకుడు. లేని నిధిని చూపు యంత్రము అతనికి ఋణదాత. ఈ భేదమెరిగి కొనువారు నష్టపోరు.