ఆవు నడక చూద్దాం

బదిలీ మీద మనం ఏ ఊరు వెళ్లినా పాలిచ్చే ఆవు కనిపిస్తుంది. అది నొప్పిని దాచుకునే జీవి. కుంటేదాకా ఆగితే ఆలస్యమే. అందుకే ముందు వీపు చూడాలి. నిలబడినప్పుడు తిన్నగా ఉన్న వీపు నడిచేటప్పుడు విల్లులా వంగితే కాలి నొప్పి మొదలైనట్టు. అడుగడుగుకీ తల ఊపితే ముదిరినట్టు. పశువైద్యులు ఈ నడకకు 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. మన పరీక్షల్లోలా కాదు, ఇక్కడ 1 వస్తేనే ఆనందం!

వెనుక కాలి రెండు గిట్టల్లో బయటిదే ఎక్కువగా దెబ్బతింటుంది. పేడతో తడిసిన సిమెంటు నేలమీద గిట్ట మెత్తబడి ఒరుసుకుపోతుంది. పాడి ఆవు రోజుకు సుమారు 12 గంటలు పడుకోవాలి. గట్టి నేలమీద అది అంతసేపు పడుకోదు. కుంటే ఆవు మేత దగ్గరికి తక్కువగా వెళ్తుంది, పాలు తగ్గుతాయి. అప్పుడు దాణా పెంచితే చాలదు. నేల పొడిగా ఉంచి ఎండుగడ్డి పరచాలి, పెరిగిన గిట్టలు చెక్కించాలి.